చేతులకు చప్పట్లు... కాళ్ళకు చాకిరీ!

సినిమాలో హీరో గిటారు భుజాన వేసుకున్నాడంటే కెమెరా ఎక్కడికి వెళుతుంది? ముందు కళ్ళు, ఆ తర్వాత జుట్టు, ఆ పైన వేళ్ళు. అంతే! నడుం కిందికి కెమెరా దిగిన దాఖలాలు బహు తక్కువ. దిగితే పెద్ద చిక్కే మరి. కొండ అంచున నిలబడి ఎలక్ట్రిక్ గిటారు మోగిస్తున్న హీరోగారి గిటారుకు అసలు వైరే లేదన్న సంగతి బయటపడిపోదూ!

స్టేజీ మీద వాయించే మాబోటి వాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. మాకు వైరు ఉంటుంది. ఆ వైరు చివర, కాళ్ళ దగ్గర, స్విచ్‌లు బిగించిన ఓ ఇనప పెట్టె ఉంటుంది. దాని పేరు ఎఫెక్ట్స్ ప్రాసెసర్. మావాళ్ళు ముద్దుగా ‘ప్రాసెసర్’ అని ఊరుకుంటారు. జనం వేళ్ళను చూసి చప్పట్లు కొడతారు గాని, సినిమా పాటను సినిమా పాటలా వినిపించే పనిలో సగం ఆ పెట్టె మీది కాలు చేస్తుంది. ఆ కాలి చాకిరీ గురించి నాలుగు మాటలు చెప్పాలని చాలా కాలంగా నా కోరిక.

నేను అమలాపురం చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలలో గిటారు వాయిస్తాను. అమలాపురం 2022లో జిల్లా కేంద్రమైంది గాని మా పని మాత్రం మారలేదు. రాజోలు, కొత్తపేట, అంబాజీపేట, ముమ్మిడివరం... ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి వ్యానెక్కడమే. పెళ్ళిళ్ళు, వినాయక చవితి, దసరా, సంక్రాంతి తీర్థాలు, క్రిస్మస్ సభలు. పందిరి ఏదైనా శ్రోతల కోరిక ఒక్కటే: ‘పాట రికార్డులో ఎలా ఉందో అలాగే ఉండాలండి!’

పెట్టె వెనక కథ

రికార్డులో ఎలా ఉందో అలాగే! చెప్పడం తేలిక. గిటారు తీగ మీటితే వచ్చే చప్పుడు ఒక్కటే. సినిమా పాటలో వినిపించే గిటార్లు మాత్రం వెయ్యి రకాలు. ఒకటి నూతిలోంచి పలికినట్టుంటుంది, ఒకటి నీళ్ళలో తేలినట్టుంటుంది, ఒకటి చింపిరి గొంతుతో అరుస్తుంది. ఆ చింపిరి గొంతుకు ఫజ్ అని పేరు. మాస్ట్రో అనే కంపెనీ 1962లో కాలితో తొక్కే ఫజ్ పెట్టెను అమ్మకానికి తెచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం పాటలో అది వినపడ్డాక ప్రపంచమంతా దాని వెంట పడింది. ఆ వెనకే వావా పెడల్, 1976లో బాస్ కంపెనీ వారి కోరస్ పెట్టె, 1977 నుంచి అదే కంపెనీ వారి చిన్న చిన్న రంగు రంగుల పెడల్సు, 1983లో డిజిటల్ డిలే... ఇలా ఒక్కొక్క చప్పుడుకు ఒక్కొక్క పెట్టె చొప్పున పుట్టుకొచ్చాయి. వాటన్నిటినీ కొనాలంటే ఎకరం కొబ్బరితోట అమ్మాలి. మోయాలంటే ఓ మనిషిని పెట్టుకోవాలి!

అందుకని అన్ని చప్పుళ్ళనూ ఒకే పెట్టెలో కుదించారు. బాస్ వారి ఎం.ఇ.-5 1988లో వచ్చింది. 1990ల నాటికి జూమ్ కంపెనీ చవక పెట్టెలు మధ్యతరగతి వాయిద్యగాళ్ళ సంచుల్లోకి చేరాయి. 2015లో లైన్ 6 వారి హీలిక్స్ వచ్చేసరికి, ఏ స్విచ్ ఏం చెయ్యాలో మనమే నిర్ణయించి, ఆ స్విచ్ పక్కనున్న చిన్న తెర మీద మనకు నచ్చిన పేరు రాసుకునే దాకా వెళ్ళింది వ్యవహారం.

మా గోదావరి సీమకు కొత్త వాయిద్యాలంటే బెదురు లేదు సుమా! రాజోలుకు వశిష్ఠ ఆవలి ఒడ్డున ఉన్న పాలకొల్లులో 1969లో పుట్టిన పిల్లవాడు, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీత సభలనే ఒప్పించాడు. ఆయనే మాండొలిన్ శ్రీనివాస్. ఆయన 2014లో కన్నుమూసినా, కరెంటు వాయిద్యంలో గమకం పలకదని ఇటు పక్క ఇంకెవరూ అనరు. ఇక సినిమా సంగతంటారా, ఇళయరాజా గారు సంగీత దర్శకుడు కాకముందు గిటారు వాయించిన మనిషే. ‘అభినందన’, ‘గీతాంజలి’, ‘ప్రేమ’... 1988, 89 సంవత్సరాలలో వచ్చిన ఆ సినిమాల పాటలు ఇవాళ్టికీ అడగని ఊరు లేదు. ఆయన రాసిన గిటారు బిట్లు ఊళ్ళో కుర్రాళ్ళకు నోటికి వచ్చు. ఒక్క స్వరం అటూ ఇటూ అయితే ముందు వరసలోంచే ఈల వినపడుతుంది!

కంపెనీ లెక్క వేరు, కాలి లెక్క వేరు

నా పెట్టెకు పది స్విచ్‌లు. కింది వరసలో ఐదు, పై వరసలో ఐదు. కుడి పక్కన కాలితో ఊపే పెడల్ ఒకటి. కొన్న రోజున కంపెనీ వాళ్ళు అమర్చి పంపిన వరస ఉంటుంది. ఒక ‘బ్యాంకు’కు నాలుగు చప్పుళ్ళు. ఈ బ్యాంకు దాటి ఆ బ్యాంకుకు వెళ్ళడానికి ‘అప్’, ‘డౌన్’ అని రెండు స్విచ్‌లు. మిగతావి ఒక్కొక్క ఎఫెక్టును ఆర్పడానికి, వెలిగించడానికి. ఇంట్లో కుర్చీలో కూర్చుని చూస్తే ముచ్చటగానే ఉంటుంది. స్టేజీ ఎక్కితే తెలుస్తుంది అసలు సంగతి.

లెక్క వెయ్యండి. నిమిషానికి 120 దెబ్బల నడకలో పాట ఉందనుకోండి. ఒక్కో దెబ్బకు అర సెకను. పల్లవి అయిపోయి బి.జి.యం. బిట్టు ఎత్తుకోవడానికి మధ్యనున్నది ఒకే ఒక్క దెబ్బ. అంటే ఆ అర సెకనులో కాలు లేవాలి, సరైన స్విచ్ మీద పడాలి, తొక్కాలి, మళ్ళీ నేలకు రావాలి. పైన చేతులు తమ పని ఆపకూడదు. ఒంటి బరువంతా అప్పుడు ఎడమ కాలి మీదే! స్విచ్ ఎంత దూరంలో ఉంటే నడుం అంత వంగుతుంది, నడుం వంగితే చెయ్యి తడబడుతుంది.

అందుకని నేను స్విచ్‌ల అమరికను పాట కట్టుబడిని బట్టి మార్చుకున్నాను. మన సినిమా పాట నూటికి తొంభై పాళ్ళు ఒకే దారిన నడుస్తుంది: పల్లవి, ఒక బిట్టు, చరణం, ఇంకో బిట్టు, ఇంకో చరణం. గిటారుకు కావలసిన చప్పుళ్ళు కూడా ముఖ్యంగా నాలుగే. ఒకటి, గాయకుల వెనక వాయించే సాదా చప్పుడు. రెండు, తీగలు విడివిడిగా మీటేటప్పుడు కోరస్ కలిపిన మెత్తని చప్పుడు. మూడు, బిట్లకు డిలే కలిపిన లీడు. నాలుగు, హుషారు పాటలకు ఆ చింపిరి గొంతు. అన్నిటికన్నా ఎక్కువగా తిరిగేది సాదాకూ లీడుకూ మధ్య. కనుక ఆ రెండూ నా కుడి కాలికి సరిగ్గా ఎదురుగా, పక్కపక్కన ఉండాలి. కాలు లేపకుండా మడమ మీద తిప్పితే చాలు, అందుతాయి. చింపిరి గొంతు రాత్రికి ఐదారు సార్లే కావాలి. అది ఎడమ చివరకు పోయింది. ‘అప్’, ‘డౌన్’ స్విచ్‌లను తీసుకెళ్ళి పై వరస మూలకు తోసేశాను. కాలు జారినా వాటి మీద పడకూడదు!

కింది వరస ఐదోది తాళం స్విచ్. పాట నడకకు సరిగ్గా రెండు మూడు సార్లు తొక్కితే డిలే ప్రతిధ్వని ఆ నడకలో పడుతుంది. 120 నడకలో ముప్పావు దెబ్బ ప్రతిధ్వని కావాలంటే 375 మిల్లీ సెకన్లు. ఆ లెక్కలు పెట్టె చూసుకుంటుంది, మనం తొక్కితే చాలు. మా డ్రమ్ముల అబ్బాయి రెండో చరణానికి వచ్చేసరికి హుషారెక్కి నడక పెంచేస్తాడు. వాడిని ఆపలేం గనక నేను మళ్ళీ తొక్కుతాను.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఒక చప్పుడు నుంచి పూర్తిగా ఇంకో చప్పుడుకు మారిస్తే చాలా పెట్టెల్లో రెప్పపాటు నిశ్శబ్దం వస్తుంది. అంతకు ముందు మోగుతున్న ప్రతిధ్వని కూడా మధ్యలో తెగిపోతుంది. వంటింటి భాషలో చెప్పాలంటే, అది పొయ్యి మీద గిన్నె దించి ఇంకో గిన్నె పెట్టడం లాంటిది. అలా కాకుండా గిన్నె అదే ఉంచి మంట మాత్రం పెంచి తగ్గించే పద్ధతి ఒకటుంది. దాన్ని ఒక కంపెనీ స్నాప్‌షాట్ అంటుంది, ఒక కంపెనీ సీన్ అంటుంది. నా నాలుగు చప్పుళ్ళూ ఒకే గిన్నెలోవి. లీడులోంచి సాదాలోకి వచ్చినా లీడు చివరి స్వరం తోక పాట మీద మెల్లగా కరిగిపోతుంది. రికార్డులో వినపడేది అదే కదా!

చీటీల రాజ్యం

‘ఒక్కో పాటకు ఒక్కో బ్యాంకు పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది కదండీ?’ అని కుర్రాళ్ళు అడుగుతారు. బాగుంటుంది. పట్నాల్లో, పాటల వరస ముందే అచ్చువేసి ఇచ్చే చోట బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి పాటకు మొదటి బ్యాంకు, రెండో పాటకు రెండో బ్యాంకు.

మా కోనసీమలో అది సాగదు. ఇక్కడ నడిచేది చీటీల రాజ్యం! మూడో పాట అయ్యేసరికి స్టేజీ దగ్గరికి చీటీలు వచ్చేస్తాయి. సిగరెట్టు పెట్టె అట్ట మీద ఒకటి, శుభలేఖ వెనక ఒకటి. ఈ మధ్య కొందరు సెల్ ఫోనులో రాసి ఫోనే అందిస్తున్నారు. పెళ్ళికొడుకు మేనమామ అడిగిన పాట కాదనగలమా? మధ్యలో ‘వన్స్ మోర్’లు. పన్నెండో పాట మూడోది అవుతుంది, మూడోది అసలు ఉండనే ఉండదు. ఆ చీకట్లో, ఆ హడావుడిలో బ్యాంకులు వెతుక్కుంటూ కూర్చుంటే ఎనౌన్సరు మాటలు అయిపోతాయి, జనం ఓపిక కూడా అయిపోతుంది.

అందుకే నా పద్ధతి ఒక్కటే. ఏ పాటకైనా ఒకే అమరిక. కన్ను వెతకక్కర లేకుండా కాలికి దారి అలవాటు కావాలి. మన ఇంట్లో అర్ధరాత్రి కరెంటు పోతే మంచినీళ్ళ కుండ దగ్గరికి ఎలా నడిచి వెళతాం? అలాగన్న మాట!

చెప్పులు విడిచిన కాలు

విదేశాల వాళ్ళు ఈ పెట్టెలను బూట్ల కాళ్ళ కోసం తయారు చేస్తారు. మాకు సగం ప్రోగ్రాములు దేవుడి సన్నిధిలో. అంతర్వేది కల్యాణం రోజుల్లోనూ, కనుమ నాడు ప్రభల తీర్థాలు జరిగే ఊళ్ళలోనూ స్టేజీకి కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, చెప్పులు విడిచి ఎక్కాలి. ఉత్త కాలితో ఇనప స్విచ్ తొక్కడం మొదట్లో బాధే. రాత్రి రెండు గంటలయ్యేసరికి అరికాలు కందిపోతుంది. కాని ఉత్త కాలికో సుగుణం ఉంది. దానికి స్పర్శ తెలుస్తుంది. నేను సాదా స్విచ్ మీద సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి అంటించాను. మెత్తగా తగిలిందంటే ఇల్లు చేరినట్టే, అక్కణ్ణించి ఎటు వెళ్ళాలో కాలికి తెలుసు.

ఇక కరెంటు. పందిట్లో లైన్ కరెంటు మీంచి జనరేటర్ మీదికి మార్చేటప్పుడు ఓ క్షణం చీకటి. పాతకాలపు పెడల్ అయితే లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది, దానికి చీకటీ వెలుగూ ఒకటే. ఈ డిజిటల్ పెట్టె అలా కాదు, కంప్యూటరు బాపతు. నిద్ర లేచి, ఒళ్ళు విరుచుకుని, పేరు చూపించి, పనిలోకి దిగడానికి నా పెట్టెకు ఇరవై సెకన్లు కావాలి. ఆ ఇరవై సెకన్లు స్టేజీ మీద ఇరవై ఏళ్ళు! కనుక అది లేవగానే ఏ చప్పుడుతో లేవాలో కూడా అమరికలో భాగమే. మొట్టమొదటి గడిలో సాదా చప్పుడే పెట్టాను. చీకట్లో పాడుతూనే ఉన్న గాయకుడి వెనక ముందుగా చేరవలసింది అదే. అందాకా నన్ను కాపాడడానికి బ్యాటరీ పెడల్ ఒకటి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి స్విచ్‌లు బిగుసుకుపోతాయి గనక తుడవడానికి పాత పంచె ముక్క కూడా.

అక్కగారి స్విచ్

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పై వరసలో మిగిలిన మూడు స్విచ్‌లలో ఒకటి, లీడు వాయించేటప్పుడు మూడు డెసిబెల్స్ పెంచడానికి. మిగతా రెండూ ఒకే మనిషి కోసం.

మా ట్రూపులో ఓ గాయని ఉన్నారు. అందరికీ అక్కగారే. జానకి గారి పాటలు పాడితే కొబ్బరి చెట్లు కూడా తలలూపుతాయని ఈ పక్క పేరు. ముప్పై ఏళ్ళకు పైగా పాడుతున్నారు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక పల్లెల్లో కూడా లైవ్ ఆర్కెస్ట్రా కావాలని సరదా పుట్టిన రోజుల్లో ఆవిడ నెలకు ఇరవై ప్రోగ్రాములు పాడిన మాట నిజం. అప్పుడు స్టేజీ మీద మేం పద్నాలుగు మందిమి. వయొలిన్లు రెండు, ఫ్లూటు, తబలా, కాంగో, ట్రంపెట్టు... ఇప్పుడు ఐదుగురం. వయొలిన్ల బిట్టు నేనే వాల్యూమ్ పెడల్ నెమ్మదిగా ఎత్తి, డిలే కలిపి లాగుతాను. అదీ కాలి చాకిరీయే.

2020లో కరోనా వచ్చి పందిళ్ళు మూతబడ్డాయి. అవి మళ్ళీ తెరిచేసరికి అక్కగారి గొంతు ఓ మెట్టు దిగింది, ఊపిరి కూడా తగ్గింది. పాత పాట పాత స్కేలులో అందదు. గిటారుకు స్కేలు పెంచడానికి కాపో అని ఓ బిగింపు ఉంది. అది పైకి తీసుకెళుతుందే గాని కిందికి దించదు. చేతివేళ్ళు మార్చి వాయించవచ్చు, నిజమే. కాని కొన్ని బిట్లు వదులు తీగల మీదే పుట్టాయి. వేరే చోట వాయిస్తే ఆ రుచి ఉండదు. అందుకని రెండు అరమెట్లు దించే స్విచ్ ఒకటి పెట్టాను. నా వేళ్ళు పాత చోటే ఉంటాయి, పాట మాత్రం ఆవిడ గొంతు దగ్గరికి దిగుతుంది.

రెండో స్విచ్ పద్ధతి వేరు. అది ఒకసారి తొక్కితే వెలిగి, ఇంకోసారి తొక్కితే ఆరేది కాదు. కాలు ఉన్నంత సేపే పని చేస్తుంది. తొక్కి పట్టుకుంటే అప్పుడు మోగుతున్న తీగల గుత్తి అలాగే నిలిచిపోతుంది, గుడి గంట నాదంలా. కాలు తీస్తే కరిగిపోతుంది. చరణం చివర పొడుగు పంక్తి ఉంటుంది చూశారూ, అక్కడ అక్కగారు ఊపిరి తీసుకోవాలి. ఆవిడ భుజం కొంచెం పైకి లేస్తుంది. అది చూడగానే నేను తొక్కుతాను. డ్రమ్ముల అబ్బాయి సింబల్ మీద మెల్లగా రాస్తాడు. రెండు క్షణాలు. ఆవిడ ఊపిరి పీల్చుకుని పంక్తి అందుకుంటారు. జనానికి అది పాటలో ఓ సొగసులా వినపడుతుంది.

కొత్తపేట దగ్గర ఓ ఊళ్ళో ఉత్సవ కమిటీ పెద్దమనిషి ఒకాయన చనువుగానే అడిగాడు. ‘ఏవండీ మాస్టారూ, ట్రాకు పెట్టేసుకుంటే సరిపోద్ది గదా! ఇద్దరు సింగర్లు, ఓ లాప్‌టాప్. ఖర్చు సగం అవుద్ది. ఇంతమంది ఎందుకండీ?’

తప్పు పట్టలేను. డబ్బు ఆయనది కాదు, ఊరిది. నేను చెప్పింది ఒకటే. ‘ఆయ్, నిజమేనండి. ట్రాకులో ఎనభై వయొలిన్లు ఉంటాయి, స్కేలు కూడా దించుకోవచ్చు. కాని ట్రాకు ఆగదండి.’

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి అక్కగారికి ఓ చీటీ వచ్చింది. ఆవిడ పాడటం మానేసిన పాట అది. ఆవిడ నా వైపు చూశారు, నేను దించే స్విచ్ తొక్కి తలూపాను. రెండో చరణంలో ఒక చోట కాదు, మూడు చోట్ల ఊపిరి అందలేదు. మూడు చోట్లా పాట ఆగింది, ఆవిడ కోసం నిలబడింది, మళ్ళీ నడిచింది. పాట అయ్యాక ఆ పెద్దమనిషే లేచి వచ్చి ఆవిడ చేతిలో ఐదు వందల నోటు పెట్టి దణ్ణం పెట్టాడు. వ్యానులో వస్తుంటే అక్కగారు, ‘తమ్ముడూ, నీ కాలికి నా ఊపిరితిత్తులు కనపడతాయేమిట్రా!’ అన్నారు. ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు.

కుర్రాళ్ళకు రెండు మాటలు

కొత్తగా పెట్టె కొన్న కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చి, ‘బాబాయ్, నీ సెట్టింగు మా దాంట్లో ఎక్కించెయ్’ అంటారు. ఎక్కించడం క్షణం పని. యు.ఎస్.బి. వైరు పెడితే అయిపోతుంది. ఎక్కించను. ముందు కాగితం తెచ్చుకోమంటాను. పది గళ్ళు గీసి, తన ట్రూపులో ఒక రాత్రి జరిగే పాటల్లో ఏ చప్పుడు నుంచి ఏ చప్పుడుకు ఎన్నిసార్లు వెళ్ళాడో గీతలు పెట్టమంటాను. ఎక్కువ గీతలు పడిన రెండూ పక్కపక్కన రావాలి. తక్కువ పడినవి దూరం పోవాలి. అమరిక కుదిరాక దానికో నకలు కంప్యూటరులో దాచుకోవాలి. ఆ తర్వాత ఆరు నెలలు మార్చకూడదు. రోజుకోలా మారిస్తే కాలికి ఎప్పటికీ దారి తెలియదు. ఇంట్లో గొంతు తగ్గించి సరిచేసుకున్న చప్పుడు పందిట్లో పెద్ద స్పీకర్ల దగ్గర వేరేగా మోగుతుంది గనక, సాయంత్రం మైకు టెస్టింగుకు గంట ముందే వెళ్ళాలి.

చివరగా, తన స్టేజీ మీద ఎవరికి ఎక్కడ ఇబ్బంది ఉందో చూసి, ఒక స్విచ్ వాళ్ళ కోసం ఖాళీ ఉంచమంటాను. మొన్నొక కుర్రాడు వచ్చి చెప్పాడు. వాడి ట్రూపులో ఫ్లూటు వాయించే తాతగారికి చెవి సరిగా వినపడటం లేదట. బిట్టు ఎత్తుకునే ముందు ఆయనకు శ్రుతి వినిపించడానికి వాడో స్విచ్ పెట్టాడు. నేను నేర్పింది కాదది. నా పెట్టెలో అలాంటిది లేదు కూడా.

వచ్చే సంక్రాంతికి అంబాజీపేట పక్కన ఒక ప్రోగ్రాం ఒప్పుకున్నాం. కమిటీ వాళ్ళు మూడు పాటలు లైవ్, మిగతావి ట్రాకు అన్నారు. ఆ మూడూ అక్కగారివే ఉండాలని మేం అన్నాం. సరేనన్నారు. నిన్న ఆవిడతో కూర్చుని పాటలు ఎంచాం. ఊపిరి ఎక్కువ కావలసిన పాట మొదట పెట్టాం, అలిసిపోక ముందే పాడేస్తారని. స్విచ్‌లు తుడిచాను. కొత్త బ్యాటరీ కొన్నాను. సైకిలు ట్యూబు ముక్క అరిగిపోయింది, దాన్ని ఇవాళ మార్చాలి.